చంద్రగిరి కోటలో అయ్యోరి ఆదివారాలు

మొన్న అమ్మ వాళ్ళింట్లో అటక మీద సామాన్లు దించుతా ఉంటే ఒక స్టీలు తట్ట, అదే అన్నం తినే కంచం, బయటపడింది. అంచు ఒక పక్క బాగా సొట్ట పోయింది. పాత సామాన్లోడికి వేసేద్దాం అనింది అమ్మ, నేను వద్దు నాక్కావాలి అన్నాను, ఎందుకంటే ఆ సొట్ట పడింది చంద్రగిరి కోటలో, ఒక ఆదివారం సాయంత్రం, నా చేతి దెబ్బకే. తట్ట తీసుకోని చిత్తూరు వచ్చేశాను గానీ అప్పట్నుంచి మనసంతా ఆడే తిరగతా ఉంది, వంట చేస్తా ఉన్నా అదే, ఆఫీసులో కూర్చున్నా అదే, రాసేస్తే కొంచెం కుదుట పడుతుందని ఈ రాత్రి కూర్చున్నాను.

మాది చంద్రగిరి. తిరుపతికి పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది అంతే. 2022 నుంచి తిరుపతి జిల్లా అయింది, మా చిన్నప్పుడు చిత్తూరు జిల్లా, ఇంకా వెనక్కి పోతే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు నార్త్ ఆర్కాటు. జిల్లాల పేర్లు మారతా వచ్చినాయి, కోట మాత్రం ఆడే ఉంది. కోట అంటే మాకు చరిత్ర అని కాదు అప్పట్లో. పరీక్షలొస్తే నీడలో కూర్చోని చదువుకునే చోటు, సీతాఫలాల కాలంలో గుట్ట ఎక్కే చోటు, బంధువులొస్తే తీసుకుపోయి చూపించే చోటు. రాజమహల్, రాణీమహల్, దిగుడుబావి, కూలిపోయిన గుళ్ళు, వెనకాల ఆ పెద్ద బండ గుట్ట, రోజూ చూసేవే కదా, రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు.

చూడ్డం నేర్పించింది మా అయ్యోరు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. పేరు రాయను, ఆయనకి పేరు బయటికి రావడం ఇష్టం ఉండేది కాదు, ఊరంతా అయ్యోరనే పిలిచేవాళ్ళు. తెల్ల పంచె, గుడ్డ సంచి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. 1991లో అనుకుంటా మొదలుపెట్టినాడు. కారణం కూడా ఆయనే చెప్పినాడు మాకు. తిరుమల దర్శనం అయ్యాక యాత్రికుల బస్సులు ఈడ ఆపుతాయి కదా, జనాలు దిగి మహల్ ముందర నిలబడి ఫోటో తీసుకోని, పావుగంటలో మళ్ళీ బస్సెక్కి పోతా ఉంటే ఒకరోజు ఒక పెద్దాయన బస్సెక్కతా ‘ఏముంది ఈడ, పాత బిల్డింగేగా’ అన్నాడంట. అయ్యోరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదంట. ‘ఆయన తప్పు కాదు పిల్లలూ, ఆయనకి చెప్పినోళ్ళు లేరు, ఈ ఊళ్ళో నలభై ఏండ్లు జీతం తీసుకోని పాఠాలు చెప్పినోణ్ణి నేనుండి కూడా చెప్పలేదు’ అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు వణికింది ఆయనకి, నాకు బాగా గుర్తు.

అట్లా మొదలైనాయి ఆ ఆదివారాలు. నెలకొకటి. బస్టాండు దగ్గర టీ అంగడి పలక మీద సుద్దముక్కతో రాసేవాడు, ‘ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు కోటలో మాట్లాడుకుందాం, అందరూ రావచ్చు’ అని. ఉపన్యాసం అని రాసేవాడు కాదు ఎప్పుడూ. మైకు లేదు, స్టేజీ లేదు, వేపచెట్టు కింద ఒక జంబుకానా, అంతే. మొదటిసారి పదకొండు మంది వచ్చినారంట, తర్వాత తర్వాత అరవై డెబ్బై మంది దాకా, తిరుపతి నుంచి కాలేజీ పిల్లలు బస్సెక్కి వచ్చేవాళ్ళు, ఆటోవాళ్ళు, రిటైరైన ఉద్యోగస్తులు, పూలమ్మే అక్క, ఆమె బుట్ట పక్కన పెట్టుకోనే వినేది. ఎవరో ఒకరు బొరుగులు, ఉడకేసిన శెనక్కాయలు తెచ్చేవాళ్ళు.

నేను పోయింది మా తాతతో. మా తాత తాపీ మేస్త్రీ. చిన్నప్పుడు గానుగ సున్నంతో కట్టడాలు కట్టిన కాలం మనిషి, తర్వాత సిమెంటొచ్చింది, ఆ పనీ చేసినాడు. చదువు లేదు, సంతకం మాత్రం పెడతాడు. నన్ను తోడు తీసుకోని పొమ్మని అవ్వ పంపిస్తే వచ్చినాడు గానీ ఆయనకి ఆ మాటలేవో వినాలని కాదు. అందరికంటే వెనకాల, చెట్టు మొదలుకి ఆనుకోని, వక్కాకు నములుకుంటా కూర్చునేవాడు. ‘రాజులు మనకెందుకు పాపా, నువ్వు విను, నేనీడ ఉంటా’ అనేవాడు.

అయ్యోరు చెప్పే పద్ధతే వేరుగా ఉండేది. సంవత్సరాలతో మొదలుపెట్టేవాడు కాదు. ‘ఇల్లు కాలిపోతా ఉంది, మీరు యాడికి పరిగెత్తతారు?’ అని అడిగినాడు ఒకసారి. ఒకడు బావి దగ్గరికి అన్నాడు, ఇంకొకడు పక్కింటికి అన్నాడు, పూలక్క మాత్రం ‘మా పుట్టింటికి పోతా సామీ’ అనింది. ‘అదీ మాట’ అని చెయ్యెత్తినాడు అయ్యోరు. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది, హంపి నాశనమయ్యింది, మిగిలినవాళ్ళు పెనుకొండకి పోయినారు, ఆడా నిలవలేక 1592 ప్రాంతంలో వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చినాడు. చంద్రగిరే ఎందుకు? పుట్టిల్లు లాంటిది కాబట్టి. 1367 నుంచి విజయనగరం చేతిలో ఉన్న ఊరు, సాళువ నరసింహుడు ఈ కోట నుంచే పెరిగి 1485లో సామ్రాజ్యానికే రాజైనాడు, కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయల్ని ఈ కోటలోనే నిర్బంధంలో ఉంచినారంటారు, అన్న పోయినాక ఆయన 1529లో రాజైనాడు. వెనక గుట్ట, ముందర స్వర్ణముఖి, పక్కనే కొండ మీద ఏడుకొండలవాడు. ఇల్లు కాలినోడు ఇంకెక్కడికి వస్తాడు నాయనా అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోతా దారిలో మా అవ్వ పుట్టింటి సంగతులు తాత చాలా చెప్పినాడు. రాజుల మాట ఒక్కటీ ఎత్తలేదు గానీ విన్నాడని నాకర్థమైంది.

అయ్యోరిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటుంది. తెలిసినంతే చెప్పేవాడు. మద్రాసు పుట్టింది మన మహల్లోనే అని ఊళ్ళో అందరం గొప్పగా చెప్పుకుంటాం కదా, ఇంగ్లీషోళ్ళకి కోట కట్టుకోను జాగా ఇస్తా శ్రీరంగరాయలు కాగితం మీద సంతకం పెట్టింది ఈడేనని. అయ్యోరు దాన్ని విడదీసి చెప్పినాడు. 1639 ఆగస్టులో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి ఆ జాగా ఇచ్చింది దామర్ల వెంకటాద్రి నాయకుడు, ఆయన చంద్రగిరి రాజు కింద పాలించే నాయకుడు, వాళ్ళ నాయన చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అప్పటి రాజు పెదవెంకటరాయలు. శ్రీరంగరాయలు రాజైంది 1642లో, ఆయన 1645లో ఆ హక్కుల్ని మళ్ళీ ఖాయం చేసినాడు. తర్వాత ఏడాదికే, 1646లో, గోల్కొండ సైన్యం వచ్చేసింది. ‘కాబట్టి ఎవరైనా ఒకే పేరు, ఒకే తేదీ చెప్పేస్తే ఒక్క నిమిషం ఆగి అడగండి, ఏ కాగితం, ఎవరు ఎవరికి ఇచ్చింది అని’ అన్నాడు. ముందు వరసలో ఒకాయనకి కొంచెం కోపమొచ్చింది, మన ఊరి గొప్పని తగ్గిస్తా ఉన్నావు అయ్యోరా అన్నాడు. ‘తగ్గించలేదప్పా, ఈ ఊరి రాజు కింద నాయకుడు రాసిచ్చిన జాగాలో అంత పెద్ద పట్నం లేచింది, ఇంతకంటే గొప్ప ఏం కావాల మనకి, లేనిది కలిపితే ఉన్నది కూడా నమ్మరు’ అన్నాడు. పదమూడేండ్ల పిల్లని, ఆ మాట అట్లే లోపల పడిపోయింది. ఇప్పటికీ ఫోన్లో ఏదన్నా ఫార్వర్డ్ వస్తే నాకు ఆ గొంతే వినపడుతుంది.

ఇంక తట్ట సంగతి. తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టినప్పుడు గంట కొడితే ఆ శబ్దం విని ఇంకో మంటపంలో గంట కొట్టేవాళ్ళంట, దాన్ని విని ఇంకోచోట, అట్లా కొండ దిగి చంద్రగిరి దాకా వచ్చేదంట, అది విన్నాకనే రాజు అన్నం ముందర కూర్చునేవాడంట. మా ఊళ్ళో ఈ కథ తెలీని ఇల్లు లేదు, మా అవ్వ నాకు అన్నం తినిపిస్తా చెప్పేది. అయ్యోరు ఇది కథ అనే చెప్పినాడు, అయితే దాన్ని చేసి చూద్దామా అన్నాడు. వచ్చే నెల పిల్లలందరూ ఇంట్లో నుంచి తలా ఒక తట్ట, గరిటె తెచ్చుకోండి అన్నాడు.

ఆ ఆదివారం మేం పద్దెనిమిది మంది పిల్లలం. రాజమహల్ దగ్గర మొదటివాడు, అక్కణ్ణుంచి కోట గోడ వెంబడి, కూలిన గుళ్ళ పక్కగా, ఊరి వైపు వాకిలి దాకా, ఒకరికొకరు కనపడకుండా చెట్ల వెనకాల, గోడల వెనకాల నిలబెట్టినాడు. చూడ్డం లేదు, వినడమే. నాది ఏడో స్థానం, ఒక పడిపోయిన మంటపం పక్కన. అక్కడ నిలబడి ఎంతసేపు అయిందో, చుట్టూ ఎవరూ లేరు, గాలి, దూరంగా రోడ్డు మీద లారీ, పిచికలు, నేను ఊపిరి బిగబట్టుకోని వింటా ఉన్నాను. ఎప్పుడూ అంత శ్రద్ధగా దేన్నీ వినలేదు నేను. ఉన్నట్టుండి టంగ్ మనింది ఎడమ పక్క నుంచి, చాలా సన్నగా, నేను గరిటె ఎత్తి ఎంత బలముంటే అంత బలంతో కొట్టినాను, తట్ట అంచు వంగిపోయింది, చేయి జివ్వుమనింది, అంతలోనే కుడి పక్క టంగ్. ఆ తర్వాత ఇంకొకటి, ఇంకా దూరంగా. అది నా నుంచి పోయింది కదా అనుకున్నాను, ఒళ్ళు పులకరించింది నిజంగా. చివరివాడి దగ్గర వాచీ పెట్టుకోని అయ్యోరు నిలబడినాడు, అర నిమిషం కూడా పట్టలేదంట.

అందరం మళ్ళీ చెట్టు కిందికి వచ్చినాక అయ్యోరు అడిగినాడు, రాజు గురించి చాలామంది చెప్తారు, ఆ మధ్య మంటపాల్లో గంట కొట్టేవాడు ఎవరు, వాడు రోజూ ఆ అడివిలో ఒక్కడే కూర్చోని ఎట్లా విన్నాడు, వాడు ఎప్పుడు తిన్నాడు అని. ఎవరమూ మాట్లాడలేదు. వెనకాల నుంచి మా తాత, మొదటిసారి, నోట్లో వక్కాకు పక్కకి ఉమ్మేసి ‘అందరి కంటే చివర్లో తినుంటాడు అయ్యోరా’ అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగి చూసినారు. అయ్యోరు కాసేపు తాతనే చూసి ‘మేస్త్రీ, మీరు వచ్చే నెల ముందర కూర్చోండి’ అన్నాడు. మా ఊళ్ళో అంత చదువుకున్న మనిషి మా తాతని మీరు అనడం నేను అదే వినడం. తాత పైగుడ్డ దులుపుకోని లేచినాడు, ఏం మాట్లాడలేదు, ఇంటి దాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ వచ్చే నెల కార్తీకం, ముసురు. చెట్టు కింద కూర్చుండే పరిస్థితి లేదు. ఇరవై మందే వచ్చినారు. వాచ్‌మన్ అన్న దయతలచి రాజమహల్ ముందర కమాన్ల కిందికి రానిచ్చినాడు. బయట ధారగా వాన, లోపల మేమందరం గోడలకి ఆనుకోని, తడి గుడ్డల వాసన, మాట్లాడితే గొంతు గుమ్మని తిరిగి వస్తా ఉంది. ఆ రోజు అయ్యోరు మహల్ కట్టడం గురించి ఎత్తుకున్నాడు. మూడంతస్తుల కట్టడం ఇది, పైన గోపురాల్లాంటి శిఖరాలు చూస్తే గుడి గుర్తొస్తుంది, కింద మొనదేరిన కమాన్లు చూస్తే సుల్తానుల కట్టడాలు గుర్తొస్తాయి, హంపిలో లోటస్ మహల్‌లో, పెనుకొండ గగన్ మహల్‌లో కూడా ఇదే కలయిక. యుద్ధంలో ఒకరినొకరు చంపుకున్నవాళ్ళే, మేస్త్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కమాను బాగుంది మాకూ కావాల అన్నారు, అని చెప్పినాడు. నడిమి దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు లేస్తుంది. పక్కన రాణీమహల్ పేరు చూసి రాణులుండేవాళ్ళు అనేసుకోకండి, కింది అంతస్తు గుర్రాల సాల మాదిరి ఉంటుంది, పోయి మీరే చూడండి అన్నాడు.

తర్వాత సంచిలో నుంచి ఒక నోట్‌బుక్ తీసి చదివినాడు. మద్రాసు సెనేట్ హౌస్ కట్టిన చిషోమ్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ 1883లోనే ఈ మహల్ గురించి ఒక వ్యాసం రాసినాడని, దీని కట్టడంలో కట్టె వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే అని. ‘నేను చదివింది ఇంతే. కట్టె లేకుండా మూడంతస్తులు ఎట్లా నిలబడినాయి అంటే నాకు చెప్పను రాదు. మేస్త్రీ, మీరు చెప్పండి’ అన్నాడు.

తాత లేచినాడు. రెండు నిమిషాలు గోడని చూస్తా నిలబడినాడు, వేలి కణుపుతో తట్టినాడు అక్కడక్కడ, అది ఇంట్లో కూడా చేసేవాడు, కొత్త ఇంటికి ఎవరైనా పిలిస్తే ముందు గోడని తట్టి వినేవాడు. తర్వాత ఇద్దరు మగపిల్లల్ని పిలిచి ఎదురెదురుగా నిలబెట్టి, అరిచేతులు ఆనించుకోని ముందుకి వాలమన్నాడు. వాలినారు. తడి బండ కదా, కాళ్ళు వెనక్కి జారిపోతా ఉన్నాయి, పిల్లలు కెవ్వుమన్నారు. తాత ఒకడి మడమల వెనకాల తన కాలు అడ్డం పెట్టినాడు, ఇంకొకడి వెనకాల అయ్యోరిని పెట్టమన్నాడు. ఆగిపోయినారు, గట్టిగా నిలబడిపోయినారు. అప్పుడు ఒక చిన్నపిల్లని ఎత్తి వాళ్ళ చేతుల మీద ఆనించినాడు, పడలేదు.

‘ఇదే కమాను. దూలమేస్తే బరువంతా నడిమిట్ల పడతాది, దూలం వంగతాది, చెద తింటాది, ఒకనాటికి విరగతాది. కమానులో బరువు నడిమిట్ల నిలవదు, ఒక ఇటుక మీద ఇంకో ఇటుక ఆనుకోని ఆనుకోని పక్కలకి దిగిపోతాది. దిగిపోయేటప్పుడు గోడని బయటికి తోస్తాది, ఇప్పుడు మీ కాళ్ళు జారినాయే అట్ల. మా కాలు అడ్డమొచ్చింది చూడు, అదే ఈ లావు గోడ. లావు చూపించుకోను కట్టలేదు నాయనా, తొయ్యకుండా ఆపను కట్టినారు’ అన్నాడు.

అయ్యోరు నోట్‌బుక్ మూసేసినాడు. ఎవరో అడిగినారు, మరి కట్టేటప్పుడు ఇటుకలు కింద పడిపోవా తాతా అని. కట్టెతో సెంట్రింగు చేసుండచ్చు అన్నాడు తాత, లేకుంటే గదిలో మట్టి నింపి, ఆ మట్టిని వంపుగా చెక్కి, దాని మీద ఇటుక పేర్చి, సున్నం గట్టిపడినాక మట్టి తవ్వేసుండచ్చు, మా గురువు చిన్న కమాన్లకి మాకట్ల నేర్పించినాడు, ఈడ ఏం చేసినారో ఈ మేస్త్రీనే అడగాల అని గోడ మీద చెయ్యి పెట్టినాడు. ఆ చెయ్యి పెట్టిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందరుంది, బతికున్న మనిషి భుజం మీద పెట్టినట్టు పెట్టినాడు.

ఇంక ఆపినారా ఆయన్ని ఎవరైనా. సున్నం గురించి చెప్పినాడు. సున్నపురాయి బట్టీలో కాల్చడం, నీళ్ళు పోస్తే అది బుసబుసమని పొంగి పిండైపోవడం, దాన్ని రోజుల తరబడి నానబెట్టడం, గుండ్రటి కాలవలో ఇసకతో కలిపి పోసి ఎద్దు తిప్పే రాతి చక్రం కింద నూరడం, కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపడం. ఎద్దు ఎన్ని చుట్లు తిరిగితే సున్నం అంత వెన్న. వేలి మీద తీసుకోని చూస్తే తెలిసిపోతాదంట. అప్పుడు అయ్యోరు మధ్యలో వచ్చి, రాయిని కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది, గోడకి పూసినాక సున్నం అదే వాయువుని గాలిలో నుంచి కొంచెం కొంచెంగా మళ్ళీ తీసుకుంటుంది, ఏండ్ల తరబడి తీసుకోని మళ్ళీ రాయి అయిపోతుంది అని చెప్పినాడు. తాత నోరు తెరుచుకోని విన్నాడు. ‘అందుకేనా అయ్యోరా, పాత సున్నం గోడ పగలగొట్టాలంటే గునపం ఎగిరి పడతాది. జీవితమంతా చేసినా గానీ ఇది నాకు తెలీదు’ అన్నాడు. ఒకరికి తెలిసింది ఒకరు ఇచ్చుకుంటా ఉన్నారు, చిన్నపిల్లలు గోలీలు మార్చుకున్నట్టు, మేమందరం వాన సంగతే మర్చిపోయినాం.

అప్పుడే తాత ఇంకో మాట కూడా చెప్పినాడు, మా ఇంట్లో కూడా ఎవరికీ తెలీని మాట. ఒక పల్లెలో పాత సత్రం ఉంటే, గోడ పెచ్చులూడినాయని ఈయన్ని పిలిచినారంట, అప్పటికి సిమెంటు కొత్త, అందరూ గట్టిదనే వాళ్ళు, ఈయన సున్నం గోడ మీద సిమెంటు పూత వేసినాడంట. నాలుగు వానాకాలాలు పోయేసరికి లోపల చెమ్మ బయటికి వచ్చే దారి లేక, ఆ సిమెంటు పలకలు పలకలుగా ఊడి, దాంతో పాటు లోపలి పాత ఇటుకని కూడా పీక్కోని వచ్చేసిందంట. ‘సున్నం గోడ ఊపిరి తీసుకుంటాది. నేను దాని ముక్కు మూసేసినా’ అన్నాడు. తల దించుకోని అన్నాడు. కాసేపు వాన చప్పుడే. అయ్యోరు పోయి ఆయన పక్కన కింద కూర్చున్నాడు.

చివర్లో లాంతరు వెలుగులో తాత మమ్మల్నందర్నీ వెల్లకిల పండుకోమన్నాడు. నిలబడి చూస్తే మెడ నొస్తాది, సగమే కనపడతాది, పండుకోని చూడండి, ఇటుకలు ఏ పక్క నుంచి ఏ పక్కకి పోతాయో కంటితో నడవండి అన్నాడు. తిరుపతి నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు, ఆటో అన్న, పూలక్క, అయ్యోరు, అందరం ఆ చల్లటి బండల మీద పండుకోని పైకి చూసినాం. పూత కింద ఇటుక యాడ కనపడుతుంది, అయినా వంపు తెలుస్తుంది, ఒక గోడ దగ్గర లేచి, పైకి పోయి, ఇంకో గోడ దగ్గర దిగుతుంది. మా పైన అన్ని అంతస్తుల బరువు, ఆ పైన వాన.

ఆ తర్వాత ఒక రెండేండ్లు ఆ ఆదివారాలు ఇద్దరివీ అయినాయి. టీ అంగడి పలక మీద ‘అయ్యోరు, మేస్త్రీ మాట్లాడతారు’ అని రాసేవాళ్ళు. తాత ఆ రోజు పొద్దున్నే తలంటుకోని, ఇస్త్రీ చొక్కా వేసుకోని, సంచిలో తూకుగుండు, రసమట్టం పెట్టుకోని బయల్దేరేవాడు. ఒకసారి కోట గోడలో పెద్ద పెద్ద రాళ్ళు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి ఎట్లా కూర్చున్నాయో చూపించను మమ్మల్ని గోడ వెంబడి చాలా దూరం నడిపించినాడు, ప్రతి రాయి దగ్గరా ఆగతా, దీన్ని చెక్కినోడు ఎడమచేతి వాటం లాగుంది అని కూడా అన్నాడు ఒకదాని దగ్గర, ఉలి గీతలు చూసి. అయ్యోరు ఆ గీతల్ని నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకున్నాడు. ఇంకోసారి 1600 ప్రాంతంలో వెంకటపతిరాయల దర్బారుకి వచ్చిన జెస్యూట్ పాద్రీలు రాసిన ఉత్తరాల సంగతి అయ్యోరు చెప్తా ఉంటే తాత మధ్యలో ఆపి, వాళ్ళు మేస్త్రీల గురించి ఏమైనా రాసినారా అని అడిగినాడు. వెతికి చెప్తానన్నాడు అయ్యోరు.

వెతికినాడో లేదో తెలియలేదు. అయ్యోరికి చూపు మందగించింది, కొడుకు వచ్చి బెంగుళూరు తీసుకుపోయినాడు. పోయే ముందు మా ఇంటికి వచ్చినాడు, కాఫీ తాగినాడు, ఆ నోట్‌బుక్ తాతకి ఇచ్చినాడు. తాతకి చదవను రాదని ఆయనకి తెలుసు. తాత రెండు చేతులా తీసుకోని దేవుడి గూట్లో పెట్టినాడు. నెలకోసారి నన్ను పిలిచి, ఒక పేజీ చదువు పాపా అనేవాడు, నేను చదివేదాన్ని. అట్లా ఎన్ని నెలలో. ఒక్కడే కోటకి పోయి వేపచెట్టు కింద కూర్చోని వచ్చేవాడు కూడా, అవ్వ ఏమన్నా అంటే పనుండి పోయినా అనేవాడు. తాత పోయి పందొమ్మిదేండ్లు అయింది. నోట్‌బుక్ మా చిన్నాయన దగ్గరుంది.

తర్వాత్తర్వాత సాయంత్రాలు కోటలో లైట్లతో, పాటలతో షో కూడా వేసినారు, జనం బాగా వచ్చినారు, మంచిదే. మ్యూజియం కూడా బాగుంది, కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి బొమ్మలు చూడదగ్గవి, శుక్రవారం సెలవు, పోయేవాళ్ళు చూసుకోండి. కృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు తిరుమల వచ్చినాడు కదా, శ్రీవారి మెట్టు దారి కూడా ఈ పక్కనే, వీలైతే రెండూ కలిపి పెట్టుకోండి.

తట్ట దొరికిన తర్వాతి ఆదివారం నేను మా పాపని తీసుకోని పోయినాను. తొమ్మిదేండ్లు దానికి. రాజమహల్ కమాన్ల కింద నిలబడి, ఈడ ముత్తాత అందర్నీ పండుకోబెట్టినాడు అని చెప్పినా. అది వెంటనే చున్నీ పరిచి పండుకునేసింది. నేనూ పక్కన పండుకున్నాను, జనం తిరగతానే ఉన్నారు, సిగ్గనిపించలేదు. కంటితో నడువు, ఈ గోడ దగ్గర లేచింది చూడు, యాడ దిగుతుందో పట్టుకో అన్నాను. సెక్యూరిటీ అతను విజిల్ వేసుకుంటా వచ్చి, ఈడ పండుకోకూడదమ్మా లేవండి అన్నాడు. మా పాప పండుకోనే, ‘అంకుల్, ఈ పైన ఒక్క కట్టె కూడా లేదు తెలుసా’ అనింది. అతను పైకి చూసినాడు. కుర్రవాడే, పాతికేండ్లు ఉంటాయేమో, మాట తీరు చూస్తే ఈ పక్క పల్లె అబ్బాయే.

‘లేకుంటే ఎట్లా నిలబడింది?’ అన్నాడు.

లేచి, చున్నీ దులిపి, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి, చేతులు ఆనించుకోండి అన్నాను.